కొత్త ఇంటి ఫ్లోరింగ్, స్కర్టింగ్, బీడింగ్ పని బాగోలేదా? తాళాలు తీసుకునే రోజు నుంచి రెరా దాకా ఏం చేయాలి

మా ఫ్లాట్ తాళాలు చేతికొచ్చిన వారానికే గృహప్రవేశం ముహూర్తం పెట్టుకున్నాం. ఆ హడావిడిలో నేల మీద నడిచామే గానీ నేలను చూడలేదు. తర్వాత అమ్మ తడిగుడ్డ పెడుతుంటే, హాల్లోంచి వంటగదిలోకి తిరిగే చోట గుడ్డ దారాలు ప్రతిసారీ ఒకే అంచుకు చిక్కుకునేవి. వంగి చూస్తే ఒక టైల్ పక్కదాని కంటే గోరంత పైకి లేచి ఉంది. సైట్ సూపర్‌వైజర్‌ని పిలిస్తే “ఫిల్లింగ్ పెట్టేస్తాం సార్, అసలు కనపడదు” అన్నాడు. పెట్టించాడు. నిజంగానే మూడు నెలలు కనపడలేదు. ఆ తర్వాత ఫిల్లింగ్ నల్లబడి పొడిపొడిగా రాలిపోయింది, దాంతోపాటు టైల్ అంచు పెచ్చూ ఊడింది. అప్పటికే దాని పక్కన మాడ్యులర్ కిచెన్ బిగించేశాం.

అందుకే ముందుగా రెండు మాటలు. లోపాన్ని పైపైన కప్పే రిపేరుకు ఒప్పుకోవద్దు. ఏది తేల్చుకోవాలన్నా కప్‌బోర్డులు దిగకముందే తేల్చుకోండి. వార్డ్‌రోబ్ కింద పడిన టైల్‌ని మళ్లీ తీయించడం దాదాపు అసాధ్యం. పైగా ఇంటీరియర్ పని మొదలైందంటే బిల్డర్ నోట వచ్చే మొదటి మాట “మీ వడ్రంగులే పగలగొట్టారు” అని.

1. చూడటానికి వెళ్లే ముందు

సేల్ అగ్రిమెంట్ చివర స్పెసిఫికేషన్ల పేజీ ఉంటుంది. హాల్లో ఏ సైజు టైల్, ఏ రకం, స్కర్టింగ్ (గోడ అడుగున అంటించే టైల్ పట్టీ) ఎంత ఎత్తు, తలుపు చట్రం ఏ చెక్క, బాత్రూమ్ తలుపు దేనితో చేస్తారు అన్నీ అందులో రాసి ఉంటాయి. ఆ పేజీ ప్రింట్ తీసుకోండి. 800×1600 మి.మీ. టైల్ రాసి 600×1200 వేస్తే అది పనితనం లోపం కాదు, ఒప్పందం తప్పడం. దాన్ని విడిగా అడగాలి.

ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. టైల్స్ మేస్త్రీలు వాడే అల్యూమినియం బద్ద ఒకటి, రసమట్టం, మూలమట్టం, స్టీలు స్కేలు, టార్చ్, ఒక బకెట్, రంగు పనికి వాడే పేపర్ టేపు, మార్కర్ పెన్ను. వాటితో పాటు పాత ఏటీఎం కార్డులు రెండు, ఇంట్లోని చెక్క పప్పుగుత్తి. ఈ చివరి రెండూ ఎందుకో చెబుతాను.

పగలు ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి వెళ్లండి. పగటి వెలుగులో రంగు తేడాలు తెలుస్తాయి, ఎగుడుదిగుళ్లు మాత్రం రాత్రే బయటపడతాయి.

2. నేలను చదవడం

రాత్రి గదిలో లైట్లన్నీ ఆర్పేసి, టార్చ్‌ని నేలకు ఆనించి, గోడ నుంచి గోడకు వెలుగు పాకేలా పెట్టండి. లేచిన ప్రతి అంచూ దాని వెనక సన్నటి నల్లటి నీడ గీస్తుంది. నీడ కనిపించిన చోటల్లా టేపు ముక్క అంటించండి. పది నిమిషాల్లో హాలు మొత్తం అయిపోతుంది. లైట్లు వేసి చూస్తే ఆ నేలే నున్నగా కనిపిస్తుంది, అందుకే పగటిపూట అప్పగింతలో ఎవరికీ ఇవి కంటపడవు.

ఇక ఏటీఎం కార్డు. దాని మందం 0.76 మిల్లీమీటర్లు, ఏ బ్యాంకు కార్డయినా అంతే. టేపు పెట్టిన చోట ఎత్తుగా ఉన్న టైల్ మీద స్టీలు స్కేలు ఆనించి, పక్క టైల్ మీదికి చాపండి. స్కేలు కింద ఏర్పడే సందులో కార్డు దూరకపోతే వదిలేయండి. ఒక కార్డు బిగువుగా దూరితే నడిచే దారిలో ఉందా, మూలన ఉందా అని చూసి నిర్ణయించుకోండి. పెద్ద టైల్స్‌లో ఫ్యాక్టరీ నుంచే కొద్దిపాటి వంపు ఉంటుంది, దానికి మేస్త్రీని తప్పుపట్టలేం. రెండు కార్డులు కలిపి దూరాయంటే అది కాలికి తగిలే ఎత్తు. ఆ టైల్ మార్చాల్సిందే.

పొడవాటి టైల్స్‌ని ఇటుకల కట్టులాగా, ఒకదాని మధ్యకు ఇంకోదాని చివర వచ్చేలా పరిస్తే ఈ లోపం వరుసంతా కనిపిస్తుంది. వంపున్న టైల్‌కి నడుమ ఎత్తు, చివర పల్లం. ఎత్తు పక్కన పల్లం పెడితే అంచు లేవక ఏం చేస్తుంది? అందుకే అలాంటి టైల్స్‌ని సగానికి కాకుండా మూడో వంతుకు జరిపి వేస్తారు. మీ ఇంట్లో సగానికి వేసి, ప్రతి వరుసలోనూ నీడ పడుతుంటే అది ఒకటి రెండు టైల్స్ సమస్య కాదు, పరిచిన పద్ధతే తప్పు. జాబితాలో అలాగే రాయండి.

ఇక పప్పుగుత్తి. ప్రతి టైల్‌నీ ఐదు చోట్ల, అంటే నాలుగు మూలలా, నడుమా కాడతో మెల్లగా తట్టాలి. కుండ బాగుందో బీటు వారిందో వేలితో కొట్టి చూసినట్టే ఇదీ చెవి పనే. కింద నిండుగా పట్టిన టైల్ ‘టక్’మని పొడిగా పలుకుతుంది. డొల్లగా ఉన్నది కాస్త లోతుగా, ‘టొక్’మంటుంది. నాలుగైదు టైల్స్ తట్టేసరికి చెవికి తేడా అలవాటవుతుంది. డొల్ల ఉన్న మేర మార్కర్‌తో టేపు మీద గీయండి, నేల మీద గీయొద్దు.

డొల్ల ఎందుకొస్తుందో తెలిస్తే బిల్డర్ మనిషితో మాట్లాడటం తేలిక. విట్రిఫైడ్ టైల్ (బాగా వేడిలో కాల్చి గాజులా గట్టిపరిచినది) నీరు పీల్చేది 0.5 శాతం లోపే. మామూలు సిరామిక్ టైల్ సిమెంట్ పాలను పీల్చుకుని గట్టిగా పట్టుకుంటుంది, విట్రిఫైడ్‌కి ఆ గుణం లేదు. ఇసుక సిమెంట్ పరుపు మీద సిమెంట్ పాలు పోసి, టైల్ పెట్టి, రబ్బరు సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే ఆ రోజుకు నిలుస్తుంది. తర్వాత పరుపు ఆరి కుదించుకుంటుంది, టైల్ విడిపోతుంది. టైల్ వెనక ఉండే తెల్లటి పొడిని తుడవకపోయినా ఇదే గతి. నడుమ అరచేయంత డొల్లను నేను పట్టించుకోను. మూలన డొల్ల మాత్రం ప్రమాదం. ఫ్రిజ్ కాలో మంచం కోడో సరిగ్గా అక్కడే ఆనితే మూల విరుగుతుంది. గడప దగ్గరి టైల్, సగానికి పైగా డొల్ల ఉన్న టైల్ కూడా మార్చమనే అడగండి.

సందుల విషయం. టైల్స్‌ని ఒకదానికొకటి అతికినట్టు వేస్తే అందంగా ఉంటుందని చాలామంది యజమానులే అలా అడుగుతారు. ఎండాకాలం నేల వ్యాకోచిస్తే వాటికి కదలడానికి చోటుండదు. ఒక మధ్యాహ్నం పెద్ద శబ్దంతో రెండు టైల్స్ గుడారంలా పైకి లేస్తాయి. స్పేసర్లు (టైల్స్ మధ్య పెట్టే చిన్న ప్లాస్టిక్ ముక్కలు) పెట్టి వదిలిన 2 లేదా 3 మి.మీ. సందు, గోడ పక్కన స్కర్టింగ్ కింద దాగేలా 5, 6 మి.మీ. ఖాళీ ఉండాలి. ఆ ఖాళీని సిమెంటుతో పూడ్చేస్తే అది ఉన్నా లేనట్టే.

3. తడి చోట్లు

బాత్రూమ్, వాష్ ఏరియా, బాల్కనీ. మీటరుకు కనీసం ఒక సెంటీమీటరు వాటం నహానీ ట్రాప్ (నీళ్లు బయటికి పోయే జాలీ) వైపు ఉండాలి. బకెట్ నీళ్లు పోసి పావుగంట ఆగండి. మడుగు మిగిలిన చోట చుట్టూ టేపు పెట్టి ఫొటో తీయండి. ట్రాప్ మూసి, రెండంగుళాల నీళ్లు నిలబెట్టి, ఒక రోజు తర్వాత కింది ఫ్లాట్ సీలింగ్ చూడటం ఇంకా మంచిది. కింది వాళ్ల అనుమతి తీసుకోండి, వాళ్లకూ ఇది మేలే. బాల్కనీ వాటం హాలు వైపు ఉంటే మొదటి వానకే తెలుస్తుంది, కానీ అప్పటిదాకా ఆగొద్దు.

4. స్కర్టింగ్, గడప, బీడింగ్

స్కర్టింగ్ ముందు కూర్చుని చెంప గోడకు ఆనించి, గోడ పొడవునా ఒంటికన్నుతో చూడండి. అలలా వంకరపోతే గోడ ప్లాస్టరింగ్ వంకర. ఒక ముక్క ముందుకు, ఇంకోటి వెనక్కు ఉంటే మేస్త్రీ పని. కింద నేలకీ స్కర్టింగ్‌కీ మధ్య సందు వదిలేస్తే చీమలకి రహదారి, తుడిచిన నీళ్లకు దాక్కునే చోటు. సందు నిండా ఫిల్లింగ్ ఉండాలి, అదీ టైల్ రంగుకు కలిసేలా.

స్కర్టింగ్ ముక్కల్ని పెద్ద టైల్ నుంచే కోస్తారు. కోసిన అంచు పైన కనిపిస్తుంది కాబట్టి దాన్ని నునుపు చేయాలి. వేలు మెల్లగా పోనిచ్చి చూడండి, గరుకుగా తగిలినా, రంపపు పళ్లలా పెచ్చులున్నా రాసుకోండి. గ్లేజ్డ్ విట్రిఫైడ్ టైల్‌కి డిజైన్ పైపొరలోనే ఉంటుంది. అంచు పెచ్చు ఊడితే లోపలి వేరే రంగు బయటపడుతుంది, ఏ రంగు పూసినా కలవదు.

తలుపుల దగ్గర మూడు చూడాలి. చట్రం చుట్టూ కొట్టే బీడింగ్ (సన్నటి చెక్క పట్టీ) పై మూలల్లో 45 డిగ్రీల కోత కలిసే చోట సందు ఉందా, మేకుల గుంతల్లో లప్పం కూరి రంగు వేశారా అన్నది మొదటిది. చట్రం పాదం దగ్గర టైల్‌ని దాని ఆకారానికి తగ్గట్టు కోశారా, లేక ఇష్టమొచ్చినట్టు కోసి తెల్ల సిమెంట్ కూరారా అన్నది రెండోది. మూడోది ఎవరూ చూడనిది, తలుపు అడుగు. టైల్స్ వేశాక తలుపు నేలకు రాసుకుంటే వడ్రంగి అడుగున కోసేస్తాడు. కోసిన చోట పచ్చి చెక్క అలాగే ఉండిపోతుంది. ఫోన్ కెమెరా ఆన్ చేసి తలుపు కిందకు పెట్టి ఫొటో తీయండి. రంగో పాలిషో లేకుండా చెక్క కనిపిస్తే, వానాకాలం తేమ అక్కడి నుంచే ఎక్కి తలుపు ఉబ్బుతుంది.

బెడ్‌రూమ్‌లో ల్యామినేట్ ఫ్లోరింగ్ ఇచ్చారా? గోడ చుట్టూ 8 నుంచి 10 మి.మీ. ఖాళీ వదిలి, దాని మీద బీడింగ్ రావాలి. బీడింగ్‌ని గోడకే బిగించాలి. నేలకు మేకులు కొడితే ఫ్లోరింగ్ కదల్లేక నడుమ ఉబ్బుతుంది. అడుగు వేస్తే దిగి లేచినట్టుంటే అడుగున నేల మట్టంగా లేదన్నమాట, పైన ఏం చేసినా పోదు.

5. జాబితా రాసే తీరు

“హాల్లో టైల్స్ బాలేవు” అని రాస్తే ఒక పని కూడా కాదు. ఫ్లోర్ ప్లాన్ కాపీ మీద గదికో అక్షరం, టైల్‌కో నంబరు వేసి ఇలా రాయండి:

“మాస్టర్ బెడ్‌రూమ్. కిటికీ గోడ నుంచి 2వ వరుస, తలుపు వైపు నుంచి 3వ టైల్. సగానికి పైగా డొల్ల. కుడి అంచు పక్క టైల్ కంటే ఎత్తు, స్కేలు కింద రెండు ఏటీఎం కార్డులు దూరాయి. ఫొటో 14, వీడియో 5. టైల్ మార్చాలి.”

చివరి వాక్యం ముఖ్యం. ఏం చేయాలో రాయకపోతే వాళ్లకు తేలికైంది చేస్తారు. ప్రతి ఫొటోలోనూ స్కేలో కార్డో ఉండాలి. డొల్లకు మాత్రం వీడియోనే సాక్ష్యం. ముందు గట్టి టైల్ తట్టి, వెంటనే డొల్ల టైల్ తట్టండి, తేడా వినేవాళ్లకు తెలుస్తుంది. అప్పగింత కాగితం మీద “అన్నీ సంతృప్తికరంగా ఉన్నాయి” అని అచ్చు వేసి ఉంటే, సంతకం కింద “జత చేసిన లోపాల జాబితాకు లోబడి” అని మీ చేతిరాతతో రాసి తేదీ వేయండి.

విదేశాల్లో ఉండి, ఇక్కడ అన్నయ్యకో మావయ్యకో పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చినవాళ్లు ఈ పనిని వాళ్ల మొహమాటానికి వదిలేయకండి. పెద్దవాళ్లు సైట్‌లో కాఫీ తాగి సంతకం పెట్టి వచ్చేస్తారు. వీడియో కాల్‌లో మీరే పక్కనుండి ఒక్కో గదీ తట్టించండి.

6. ఏ లోపానికి ఏ రిపేరు

మార్బుల్, గ్రానైట్, తాండూరు బండలైతే లేచిన అంచుల్ని మిషన్‌తో గ్రైండ్ చేసి మళ్లీ పాలిష్ పట్టొచ్చు. అది సరైన రిపేరే. గ్లేజ్డ్ విట్రిఫైడ్‌కి ఆ అవకాశం లేదు, గ్రైండ్ చేస్తే మెరుపూ డిజైనూ రెండూ పోతాయి. తీసి వేరేది వేయడమే మార్గం. చిన్న డొల్లలకు సందులోంచి జిగురు ఎక్కిస్తామంటారు. మంచాల కింద, మూలల్లో ఒప్పుకోవచ్చు, నడిచే దారిలో వద్దు. సమస్య ఫిల్లింగ్‌దే అయితే, పాతది పూర్తిగా తోడి కొత్తది పెట్టాలి. పాతదాని మీద పూత పూస్తే ఊడిపోతుంది.

టైల్ మార్చాలంటే అదే బ్యాచ్ కావాలి. డబ్బా మీద షేడ్ నంబరు, సైజు గుర్తు అచ్చు వేసి ఉంటాయి. గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చే అదే మోడల్ ఇంకో బ్యాచ్‌లో కాస్త పాలిపోయి కనిపించొచ్చు. సైట్‌లో మిగిలిన డబ్బాల్లోంచి రెండు మీ ఫ్లాట్‌కి ఇవ్వమని తాళాల రోజే అడగండి.

అన్నీ అడగొద్దు. నలభై లోపాల్లో పాతిక వెంట్రుకవాసి గీతలైతే, అసలైన పదిహేనూ వాటిలో కలిసిపోతాయి. నీళ్లు నిలిచేవి, విరిగేవి, కాలికి తగిలేవి ముందు. కంటికి మాత్రమే తెలిసేవి తర్వాత.

7. లేఖ, చట్టం

మాటతో మొదలుపెట్టండి, కానీ ఆ రోజు సాయంత్రమే మెయిల్ పెట్టండి. వాట్సాప్ మాత్రమే చాలదు. మెయిల్‌తో పాటు స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు ఉండేలా పంపండి.

2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 14(3) సెక్షన్ మీకు బలం. అప్పగించిన తేదీ నుంచి 5 ఏళ్లలోపు నిర్మాణ లోపం గానీ, పనితనంలో, నాణ్యతలో లోపం గానీ బిల్డర్ దృష్టికి తెస్తే 30 రోజుల్లో, అదనంగా డబ్బు తీసుకోకుండా సరిచేయాలి. చేయకపోతే మీరు పరిహారానికి అర్హులు. “టైల్స్‌కి ఏడాదే గ్యారంటీ సార్” అన్నప్పుడు మర్యాదగా ఈ సెక్షన్ చెప్పండి. లేఖ ఇలా ఉంటే చాలు:

“ఫలానా తేదీన మీరు అప్పగించిన ఫలానా ఫ్లాట్‌లో ఫ్లోరింగ్, స్కర్టింగ్, తలుపుల పనిలో లోపాలున్నాయి. జాబితా, ప్లాన్, ఫొటోలు జత చేశాను. రెరా చట్టం 14(3) ప్రకారం ఈ లేఖ అందిన 30 రోజుల్లో వీటిని ఉచితంగా సరిచేయవలసిందిగా కోరుతున్నాను. పని ఏ తేదీన మొదలుపెడతారో, ఏ పద్ధతిలో చేస్తారో రాతపూర్వకంగా తెలపండి.”

8. రిపేరు జరిగే రోజు

సెలవు పెట్టయినా ఇంట్లో ఉండండి. ముందు టైల్ చుట్టూ ఫిల్లింగ్‌ని కోసి తీయాలి, ఆ తర్వాతే టైల్‌ని నడుమ పగలగొట్టి, అక్కడి నుంచి అంచుల వైపు తీసుకుంటూ రావాలి. అంచు దగ్గర సుత్తి వేస్తే పక్క టైల్ పోతుంది. కింద పాత పరుపు తీసి, దుమ్ము ఊడ్చి, టైల్ అడ్హెసివ్ (టైల్స్ అతికించే జిగురు) వాడాలి. సంచి మీద ఐఎస్ 15477 గుర్తు చూడండి. పళ్ల తాపీతో నేల మీద గీతలు వచ్చేలా దువ్వి, టైల్ వెనకా పలచగా పూయాలి.

మొదటి టైల్ పెట్టి నొక్కాక, “అన్నా, ఒక్కసారి పైకి తీసి చూపించవా” అని అడగండి. వెనక గీతలన్నీ అణిగి అడ్హెసివ్ నిండుగా అంటుకుని ఉంటే పని బాగుంది. గీతలు గీతలుగానే ఉంటే, మధ్యలో పొడి చోట్లుంటే, మళ్లీ పూయించండి. ఈ ఒక్క పరీక్ష తర్వాత మిగతా టైల్స్ వాటంతట అవే శ్రద్ధగా పడటం నేను చూశాను. మేస్త్రీకి అడుగుల లెక్కన కూలి, రోజుకు ఇన్ని అడుగులు వేయాలన్న తొందర వెనక నుంచి వేరేవాళ్లు పెట్టింది. ఆయన మీద అరవకండి. టీ ఇచ్చి, పక్కన నిలబడి అడగండి.

బాత్రూమ్‌లో టైల్ తీస్తే కింద వాటర్‌ప్రూఫింగ్ పొర దెబ్బతింటుంది. దాన్ని మళ్లీ వేసి, మళ్లీ నీళ్లు నిలబెట్టి చూపించేదాకా పని అయినట్టు సంతకం పెట్టొద్దు. గదిలో వేసిన టైల్ మీద ఒక రోజు ఎవరూ నడవకూడదు, ఫిల్లింగ్ ఆ తర్వాతే.

9. జవాబు రాకపోతే

30 రోజులు దాటాక ఒక గుర్తుచేసే లేఖ. మీ బ్లాక్‌లో ఇంకెవరికి ఇదే సమస్యో కనుక్కోండి. ఒకే మేస్త్రీ బృందం ఒకే ఫ్లోర్ మొత్తం వేసి ఉంటుంది. నలుగురు కలిసి రాస్తే బిల్డర్ ఆఫీసులో కాగితం కదులుతుంది. అదీ కాకపోతే రెరాలో, అంటే ఆ చట్టం కింద మీ రాష్ట్రంలో ఉన్న అథారిటీ దగ్గర, ఫిర్యాదు. తెలంగాణలోనైనా ఆంధ్రప్రదేశ్‌లోనైనా, లోపాలు సరిచేయించమని అథారిటీని కోరడానికి ఫారం ఎం, పరిహారం కోసం అడ్జుడికేటింగ్ ఆఫీసర్ దగ్గరికి ఫారం ఎన్.

స్థలం 500 చదరపు మీటర్లకు, అంటే సుమారు 600 గజాలకు మించకపోయినా, ఫ్లాట్లు 8కి మించకపోయినా ఆ ప్రాజెక్టుకు రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అలాంటి చిన్న అపార్ట్‌మెంట్లకూ, కాంట్రాక్టర్‌తో సొంత ఇల్లు కట్టించుకున్నవారికీ వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టంలో ‘సేవ’ నిర్వచనంలోనే గృహ నిర్మాణం చేరి ఉంది. చెల్లించిన మొత్తం 50 లక్షల దాకా అయితే జిల్లా కమిషన్, అక్కడి నుంచి 2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్. గడువు మాత్రం రెండేళ్లే, రెరాలోని ఐదేళ్లతో కలిపి లెక్కేయొద్దు. రెరా పరిధిలోని ఫ్లాట్ వాళ్లు కూడా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ముందుగా సలహా కావాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

సొంత ఇల్లు కట్టించుకునేవాళ్లకు వీటన్నిటికన్నా గట్టి ఆయుధం చివరి బిల్లు. ఫ్లోరింగ్ పని డబ్బులో పదో వంతు, ఒక వేసవీ ఒక వానాకాలం గడిచాకే ఇస్తామని మొదటి రోజే కాగితం మీద రాసుకోండి.

మొదటి ఎండాకాలం పోయాక, మే నెలాఖరులో, పప్పుగుత్తి పట్టుకుని ఇల్లంతా ఇంకోసారి తిరగండి. ఎండకు కొత్తగా డొల్లబడినవి అప్పుడే దొరుకుతాయి. పాత ప్లాన్ కాపీ మీదే వేరే రంగు పెన్నుతో గుర్తు పెట్టి, ఆ రోజే మెయిల్ పంపండి. అప్పగింత తేదీకి నాలుగేళ్ల పది నెలల తర్వాత మోగేలా ఫోన్‌లో ఒక రిమైండర్ పెట్టుకోండి.